పోలికయు ప్రాణమును

1942లో విడుదలైన ‘కింగ్స్ రో’ అను అమెరికా చిత్రమునకు ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్ కూర్చిన నాందీవాద్యమును, 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ చిత్రమునకు జాన్ విలియమ్స్ కూర్చిన నాందీవాద్యమును ఒకదాని వెంట ఒకటి వినిన శ్రోత, సంగీతశాస్త్రముతో బొత్తిగా పరిచయము లేనివాడైనను, తటాలున తల యెత్తును. రెండింటను ఇత్తడివాద్యములే ముందుగా మేల్కొని, కోటవాకిట కాహళము మ్రోగినట్లు మ్రోగి, ఆధారస్వరము నుండి ఒక్క పెద్ద అంగతో పైకి లంఘించును. రెండింటను ఆ లంఘనమునకు వెనుక తంత్రీవాద్యముల సమూహము అలవలె లేచి దానిని భుజములపై మోయును. వినినవాని నోట మొదట వచ్చు మాట “ఇది దొంగిలించినది కాదా?” అనునదే. చలనచిత్ర సంగీతమును గూర్చి జరుగు సంభాషణలలో సగము ఈ ప్రశ్నతోనే మొదలై, దురదృష్టవశమున, ఈ ప్రశ్నతోనే ముగియుచుండును.

ఇట్టి ప్రశ్న మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున ‘ధ్వన్యాలోకము’ రచించిన ఆనందవర్ధనుడు, ఆ గ్రంథపు చివరి ఉద్యోతమున, కవుల వాక్కులయందు కనిపించు పోలికను ‘సంవాద’మను పేర విచారించి, దానిని మూడు తెఱగులుగా విభజించినాడు. అద్దములోని ప్రతిబింబము వంటి పోలిక మొదటిది: అందు సొంత ఆత్మ యన్నది లేదు. చిత్తరువు వంటి పోలిక రెండవది: అందు ఆత్మ యున్నను అది అల్పము. ఒకరిని పోలిన మరియొక సజీవమానవుని వంటి పోలిక మూడవది. దానికి ‘తుల్యదేహి’ యని పేరు. అన్నదమ్ముల ముఖములు ఒక్కలాగుననే యున్నంత మాత్రమున తమ్ముడు అన్నను అపహరించెనని యెవ్వరును అనరుగదా! మొదటి రెండింటిని కవి విడువవలెననియు, మూడవదానిని విడువ పనిలేదనియు ఆచార్యుని తీర్పు. పోలిక యున్నదా లేదా యని కాక, పోలికలోపల ప్రాణమున్నదా లేదా యని అడుగుమనుటయే దీని సారము. వేయేండ్లకు పైబడిన ఈ విచక్షణ, చిత్రసంగీతమునకు అతికినంత చక్కగా మరి యే కళకును అతుకదని నా నమ్మిక.

ఏలయన, ఈ సంగీతమున పోలిక పుట్టుకతోనే వచ్చినది. హాలీవుడ్ వాద్యబృందసంగీతమునకు పునాదులు వేసినవారిలో ముఖ్యులైన మాక్స్ స్టయినర్, కోర్న్‌గోల్డ్ ఇరువురును వియన్నా నగరపు సంగీతవాతావరణమున పెరిగినవారు. స్టయినర్ 1888లో అచ్చటనే జన్మించెను. 1897లో బ్ర్నో నగరమున జన్మించిన కోర్న్‌గోల్డ్ బాల్యమునందే వియన్నా చేరి, పదునొకండేండ్ల ప్రాయమున కూర్చిన మూకనాట్యరూపకము 1910లో ఆస్థాన సంగీతనాటకశాలలో ప్రదర్శింపబడగా ఆ నగరమును విస్మయపరచెను. ఒక్కొక్క పాత్రకు, ఒక్కొక్క వస్తువునకు, ఒక్కొక్క భావమునకు ఒక చిన్న స్వరపంక్తిని కేటాయించి, కథ నడచిన కొలది ఆ పంక్తిని సాగదీసి, కుదించి, శ్రుతి మార్చి, ఒకదానిలో నొకటి పెనవైచు పద్ధతి వాగ్నర్ తన సంగీతనాటకములలో పరిపూర్ణము గావించినది. దానినే వీరిరువురును మూటగట్టుకొని సముద్రము దాటిరి. 1933 నాటి ‘కింగ్ కాంగ్’లో స్టయినర్ ఒక అడుగు ముందుకు వైచి, ద్వీపపు నాయకుడు మెట్లు దిగివచ్చునప్పుడు అతని ఒక్కొక్క అడుగునకు ఒక్కొక్క స్వరమును జతపరచెను. మన కూచిపూడి నాట్యమున నట్టువాంగము పాదమును విడువక వెంటాడు విధమెరిగినవారికి ఇందలి ఒడుపు వెంటనే బోధపడగలదు.

మరియొక కారణము కూడ గలదు. దీనిని సాధారణముగా ఎవ్వరును తలపరు. స్వరకర్త వ్రాసి యిచ్చునది తరచు నాలుగైదు వరుసల చిత్తుప్రతి మాత్రమే. దానిని చూచి, ఈ స్వరము కొమ్ముబాకాకు, ఈ స్వరము వేణువునకు, ఈ పరుగు ఫిడేళ్లకు అని పంచిపెట్టు వాద్యరచయిత వేరొకడుండును. హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ అను ప్రజ్ఞావంతుడు వార్నర్ సోదరుల చిత్రశాలలో స్టయినర్‌కును కోర్న్‌గోల్డ్‌కును గూడ ఈ సేవ చేసినాడు. చిత్రశాల ఒక్కటి, వాయించు బృందమొక్కటి, స్వరములను పంచిపెట్టు చేయి ఒక్కటి అయినప్పుడు, ఇరువురి సంగీతమునకు ఒకే ముఖచ్ఛాయ వచ్చుట వింత యెట్లగును? వింతయేమనగా, ఇంత జరిగినను కోర్న్‌గోల్డ్ పంక్తిని స్టయినర్ పంక్తిగా భ్రమించుట కష్టము. స్టయినర్ దృశ్యమునకు అంటిపెట్టుకొని నడచును. కోర్న్‌గోల్డ్ దృశ్యమును తన పాటతో పైకెత్తుకొని పోవును. ఆ ఫ్రీడ్‌హోఫరే తన సొంత పేర 1946లో ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ చిత్రమునకు సంగీతము కూర్చినప్పుడు, ఇరువురి ఆడంబరమును వదలి, మితభాషియైన మరియొక గొంతుతో మాటలాడెను.

ఇక కవిసమయముల వంటివి ఈ కళలోను కలవు. నీలాంబరి యనగానే మనకు ఊయెల తోచినట్లు, కొమ్ముబాకా యనగానే పాశ్చాత్యశ్రోతకు వేట తోచును. మృత్యుసూచకముగా వారు వాడు స్వరములు నాలుగు. మన లెక్కలో ‘స ని స ద’ యని కాకలి నిషాదముతో, చతుశ్రుతి ధైవతముతో దిగునట్టివి. మధ్యయుగపు క్రైస్తవ మఠములలో మృతుల ఆరాధనలో పాడిన ‘డియెస్ ఇరే’ అను కీర్తన ఎత్తుగడ యిది. దీనిని బెర్లియోజ్ 1830లో తన సింఫనీలోనికి తెచ్చుకొనెను. 1980లో ‘ది షైనింగ్’ చిత్రారంభమున, కొండదారిలో కారు పోవుచుండగా, వెండీ కార్లోస్, రాచెల్ ఎల్కిండ్ దీనినే యంత్రవాద్యములపై మ్రోగించిరి. దీనికి సొంతదారుడెవ్వడు? చంద్రునితో ముఖమును పోల్చు హక్కు ఏ కవి సొంతమో చెప్పగలిగినవాడు దీనికిని సమాధానము చెప్పవలెను.

అయితే నిజముగా ప్రాణము తీయు పోలిక యొకటి ఉన్నది. దానిని గూర్చి మెత్తగా మాటలాడ నాకు మనసొప్పదు. చిత్రమును కూర్పు చేయునప్పుడు, సంగీతదర్శకుడు ఇంకను పని మొదలిడకముందే, దర్శకుడును కూర్పరియు పూర్వపు రికార్డుల నుండి నచ్చిన ముక్కలను తెచ్చి దృశ్యములకు అతికించి చూచుకొందురు. దీనిని ‘టెంప్ ట్రాక్’ అందురు. తాత్కాలికమని పేరేగాని, నెలల తరబడి దానినే వినివిని దర్శకుని చెవి దానికి బానిసయగును. తుదకు కొలది వారముల వ్యవధితో వచ్చిన స్వరకర్తను “ఇట్టిదే, కాని ఇది కానిది కావలె”నని కోరుదురు. ప్రతిబింబము నడిగి, అద్దము కనబడరాదనుట వంటిది ఈ కోరిక. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ విషయమున ఇది పరాకాష్ఠకు పోయినది. స్టాన్లీ కుబ్రిక్ తాత్కాలికముగా పెట్టుకొనిన రిచర్డ్ స్ట్రౌస్ మున్నగువారి సంగీతమునే స్థిరపరచి, తాను కోరి వ్రాయించిన అలెక్స్ నార్త్ సంగీతమును పూర్తిగా తొలగించెను. ఆ సంగతి ప్రథమప్రదర్శన చూచుచుండగాని నార్త్‌కు తెలియలేదు. నార్త్ 1991లో కన్నుమూసిన పిదప, 1993లో, మిత్రుడైన జెర్రీ గోల్డ్‌స్మిత్ ఆ సంగీతమును వాద్యబృందముచే వాయింపించి రికార్డు చేయించెను. దాని తొలిపుటలలో స్ట్రౌస్ నీడ పడిన మాట నిజమే. కాని ఆ నీడ నార్త్ కోరి తెచ్చుకొనినది కాదు.

‘స్టార్ వార్స్’ కథ వేరు. అందలి తొలి యుద్ధదృశ్యమున హోల్‌స్ట్ 1914లో కూర్చిన ‘మార్స్’ అను కుజగ్రహఖండము యొక్క ఛాయ స్పష్టముగా వినిపించును. ఐదు మాత్రల నడకలో, మన ఖండగతిని తలపించుచు, అణచలేని యంత్రమువలె నడచు ఆ రచన ముందు విలియమ్స్ రచన ఆ కొలది క్షణములయందు చిత్తరువే యని ఒప్పుకొనవలెను. కాని నాందీవాద్యము మాత్రము తుల్యదేహి. ‘కింగ్స్ రో’ ఒక చిన్న ఊరిలోని మనుష్యుల వెతల కథ. పేరులో ‘కింగ్స్’ అని యుండుటచే ఏదో రాజుల కథయనుకొని కోర్న్‌గోల్డ్ ఆ రాజసమైన వరుసను తలపోసెనని చెప్పుకొందురు. అది నిజమైనను కాకున్నను, ఆ వరుసలోని వైభవము ఆ చిత్రమున పోగొట్టుకొనిన బాల్యమునకు ఛత్రము పట్టినట్లు విషాదముగా వినిపించును. విలియమ్స్ చేతిలో ఆ లంఘనమే బాల్యమును తిరిగి పొందిన యుత్సాహమైనది. వాగ్నర్ పద్ధతియు, కొమ్ముబాకాయు మూలబడిన దినములలో పెద్ద వాద్యబృందమును తిరిగి చిత్రశాలకు పిలిపించిన సాహసము కూడ ఆ తమ్మునిదే.

తన్ను తానే పోలుట మరియొక చిక్కు. జేమ్స్ హార్నర్ ఆపదను సూచించు నాలుగు స్వరముల పంక్తి నొకదానిని ‘విల్లో’లో, ‘ఎనిమీ ఎట్ ది గేట్స్’లో, ‘ట్రాయ్’లో మఱల మఱల వాడెను, అదియు రఖ్మానినోవ్ మొదటి సింఫనీ ఎత్తుగడను పోలినది. హార్నర్ యందు నాకు గౌరవము మెండు, కాని ఆ నాలుగు స్వరములు వినబడినప్పుడు కథ నుండి బయటపడి చిత్రశాలలో కూర్చున్నట్లగును. నీనో రోటా సంగతి యిట్టిది కాదు. 1958 నాటి ‘ఫోర్చునెల్లా’ అను ఇటలీ చిత్రమున హుషారుగా గంతులు వైచిన వరుసనే ఆయన 1972లో ‘ది గాడ్‌ఫాదర్’ చిత్రమున విలంబముగా, సిసిలీ ద్వీపపు దుఃఖముతో పాడించెను. వరుస పాతదని తెలిసి, ఆస్కారు పోటీ నుండి ఆ సంగీతము తొలగింపబడెను. అదే వరుస మఱల వినిపించు రెండవ భాగమునకు బహుమానము లభించెను. నియమమును నిందింపను గాని, లయను మార్చుటచే రసమునే మార్చిన చేతికి స్వాతంత్ర్యము లేదనుట నాకు సమ్మతము కాదు. వసంతమున పాతచెట్లే క్రొత్తవిగా తోచునట్లు, రసస్పర్శచే పాత యర్థములు క్రొత్తవగునని ఆనందవర్ధనుడు చెప్పినది ఇట్టివాని గూర్చియే గదా.

స్వోపజ్ఞత యన్నది ఎక్కడ పుట్టునో చూడవలెనన్నచో బెర్నార్డ్ హెర్మన్ వద్దకు పోవలెను. 1960లో ‘సైకో’ చిత్రమునకు ఆయన ఇత్తడివాద్యములను, వేణువులను, మద్దెలలను అన్నిటిని త్యజించి, కేవలము తంత్రీవాద్యములను మాత్రమే గైకొనెను. నలుపుతెలుపుల బొమ్మకు నలుపుతెలుపుల నాదము కావలెనని ఆయన భావన. స్నానపుగది హత్యాదృశ్యమునకు సంగీతమే వలదని దర్శకుడైన హిచ్‌కాక్ మొదట తలచెను. హెర్మన్ కూర్చి వినిపించిన పిమ్మట మనసు మార్చుకొనెను. ఫిడేళ్ల తారస్థాయిలో పక్షి అరచినట్లున్న ఆ కోతలు నేటికిని భయమునకు పర్యాయపదములు. ఆ పిదప వాని నెందరో అనుకరించిరి; ఆ యనుకరణములన్నియు ప్రతిబింబములుగానే మిగిలినవి, ఏలయన వారు కోతను గ్రహించిరి గాని ఆ త్యాగమును గ్రహింపలేదు.

మన ‘మాయాబజార్’ను తలపక ఈ వ్యాసమును ముగింపలేను. 1957 నాటి ఆ చిత్రమునకు తొలుత సాలూరి రాజేశ్వరరావు గారు నాలుగు పాటలకు మట్లు కట్టి విరమింపగా, ఘంటసాల వేంకటేశ్వరరావు గారు వానికి వాద్యసమ్మేళనము సమకూర్చి, తక్కిన సంగీతమంతయు తామే నిర్వహించిరి. వెన్నెలలో నౌకావిహారపు మోహనరాగగీతము ఆ నాలిగింటిలోనిది. మట్టు ఒకరిది, వాద్యమొకరిది. పాటలో అతుకు ఎక్కడనో చెప్పుట వినువారికి సాధ్యము కాదు.

అందలి ఘటోత్కచుని భోజనపు పాట మరింత దూరము నుండి వచ్చినది. వర్జీనియాలో బానిసగా పుట్టి, న్యూయార్కు వీథులలో పాడి పొట్టపోసుకొనిన జార్జి జాన్సన్ అను నల్లజాతి గాయకుడు 1890ల నాటి మైనపు గొట్టములపై నవ్వుల పాట నొకదానిని రికార్డు చేసెను. ఆ వరుసను 1922లో ఇంగ్లండున చార్లెస్ పెన్‌రోజ్ ఒక పోలీసువాని నవ్వుగా మార్చెను. అటుపై అది తెలుగుగడ్డ చేరి, సురభి వారి నాటకముల మీదుగా మన చిత్రమునకు వచ్చినదని ప్రతీతి. జాన్సన్ నవ్వు, తన్ను చూచి నవ్వు లోకమునకు కూటికై అమ్మిన నవ్వు. మాధవపెద్ది సత్యము గారి గొంతున, ఎస్వీ రంగారావు గారి భుజముల కదలికలో, లడ్డూలు తమంత తామే దొర్లివచ్చి నోటిలో పడుచుండగా వినిపించు నవ్వు, పెండ్లివారి విందును ఒంటరిగా కాజేయుచున్న రాక్షసబాలుని నవ్వు. ఆ పళ్లెములు ఖాళీ యగుచున్నంతసేపు, ఊరూర నేలపై కూర్చున్న పిల్లలు అతనితో కలిసి నవ్విరి.