కొస ఎక్కడ? – నార్డ్‌కాప్ స్మారకాలు, యాత్రారచన

యాత్రారచనను అంచనా వేసేటప్పుడు రచయిత ఎంత దూరం వెళ్ళాడన్నది ప్రధానం కాదు. చూసినదాన్ని ఎంతవరకు పరీక్షించాడన్నదే ప్రధానం. చెన్నపట్నం నుంచి 1830లో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్రచరిత్రలో క్షేత్రమాహాత్మ్యాలతో తృప్తిపడలేదు. మజిలీలు, దారులు, వసతులు, జనుల వృత్తులు కూడా నమోదు చేశారు. ఈ గీటురాయిపై నార్వే ఉత్తర తీరాన ఉన్న నార్డ్‌కాప్‌ను పరిశీలించవచ్చు.

మాగెరొయ దీవిలో సముద్రానికి 307 మీటర్ల ఎత్తున నిలిచిన కొండకొమ్ము ఇది. ఈశాన్య జలమార్గాన్ని వెతుకుతూ 1553లో వచ్చిన ఇంగ్లీషు నావికులు దీనికి ఈ పేరు పెట్టారు. 1664లో ఇటలీ మతాచార్యుడు ఫ్రాంచెస్కో నెగ్రి ఇక్కడికి చేరాడు. 1873లో రాజు రెండవ ఆస్కార్ వచ్చిన గుర్తుగా ఒక స్తంభం వెలిసింది. 1907లో సయాం రాజు చులాలాంగ్‌కార్న్ వచ్చాడు. తరువాత ఇనుప భూగోళం వచ్చింది. 'ఐరోపా ఉత్తరపు కొస' అన్న ప్రచారానికి అదే చిహ్నమైంది.

ఆ ప్రచారం భౌగోళికంగా నిలవదు. అదే దీవిలో క్నివ్‌షెల్లొడెన్ అనే పల్లపు నేల దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు ఇంకా ఉత్తరానికి చొచ్చుకుపోయింది. ప్రధాన భూభాగపు కొస అసలు ఈ దీవిలోనే లేదు. తూర్పున కిన్నరొడెన్ దగ్గర ఉంది. అయినా కీర్తి నార్డ్‌కాప్‌కే దక్కింది. ఓడలవారికి దూరం నుంచే కనబడే ఎత్తు దానిది. పైనుంచి చూస్తే అడ్డులేని సముద్రం, వేసవిలో అస్తమించని సూర్యుడు. 1956లో రోడ్డు, 1999లో సముద్రగర్భ సొరంగం వచ్చాక బస్సులు నేరుగా అక్కడికే వస్తున్నాయి. క్నివ్‌షెల్లొడెన్‌కు మాత్రం గంటలకొద్దీ నడవాలి. అంటే ఇక్కడ కొసను నిర్ణయించినవి దృశ్యమూ, ప్రయాణ సౌకర్యమూ.

స్మారకాల్లో మరొక లోపం ఉంది. అవి ఎక్కువగా వచ్చిపోయినవారినే తలుస్తాయి. వేసవి మేతకు రెయిన్‌డీర్ మందలను ఈ దీవికి తెచ్చే సామీలకు, ఇక్కడి సముద్రం మీద బ్రతికే జాలరులకు ఇది లోకపు అంచు కాదు, జీవనభూమి. ఏడు దేశాల పిల్లల రూపకల్పనలతో 1989లో నిలిపిన ఏడు రాతి బిళ్ళలు రాజులను దాటి చూసిన మాట నిజమే. కాని ఆ పిల్లలు కూడా బయటినుంచి వచ్చినవారే.

కాబట్టి రాతిమీది మాటను ఎత్తిరాసి, సముద్రాన్ని వర్ణించి ముగించే రచన యాత్రాసాహిత్యం అనిపించుకోదు. ఆ రాయిని ఎవరు, ఎందుకు అక్కడే నిలిపారో అడగాలి. అక్కడ నివసించేవారిని లెక్కలోకి తీసుకోవాలి. చెన్నపట్నపు తెలుగువాడు సుమారు రెండు శతాబ్దాల క్రితమే చూపిన ఈ దారిని నేటి యాత్రారచయితలు విడిచిపెట్టరాదు.