తోబుట్టువు ముఖమే ముసుగు

కవలల కథలో ప్రేక్షకుడికి మామూలుగా దక్కేది తికమక. ‘చండీరాణి’లో దక్కేది మరో రకం ఆనందం: తెరమీద కథానాయకుడు పొరబడుతుంటాడు, మనం పొరబడం. కోటగోడల మధ్య పెరిగిన చంపా, అడవిలో పెరిగిన చండి, ఇద్దరిదీ ఒకటే ముఖం, భానుమతి ముఖం. అయినా ఆవిడ కనురెప్ప ఎత్తగానే వచ్చింది ఎవరో మనకు తెలిసిపోతుంది. ఎన్టీ రామారావుకు మాత్రం తెలియదు. ఆ ఎడంలోనే ఈ చిత్రం రసమంతా ఉంది.

1953లో వచ్చింది. భర్త పి.ఎస్. రామకృష్ణారావుతో కలిసి నడిపిన భరణీ పిక్చర్స్ పేరున, భానుమతే దర్శకత్వం వహించి, తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీశారు. ఆనాడు ద్విపాత్రాభినయమంటే కెమెరా కటకాన్ని సగం మూసి ఒక పాత్రను తీసి, అదే ఫిల్మును వెనక్కి తిప్పి మిగతా సగంలో రెండో పాత్రను తీయడం. ఎదురుగా ఎవరూ ఉండరు. లేని తోబుట్టువు కళ్లలోకి సూటిగా చూడాలి, ఆమె ఇంకా పలకని మాటకు బదులివ్వాలి. నటిగా అదంతా చేస్తూనే, షాటు కుదిరిందో లేదో దర్శకురాలిగా తేల్చుకోవాలి. పైగా మూడు భాషలు!

ఇక ఆ గొంతు. నేపథ్యగానం పాతుకుపోయిన కాలంలోనూ తన పాట తానే పాడుకున్న నటి ఆమె. తారనూ జాబిలినీ పలకరిస్తూ ఘంటసాలతో పాడిన యుగళగీతం వినండి. 1952లో సి.ఆర్. సుబ్బరామన్ కన్నుమూశాక ఈ చిత్ర సంగీతాన్ని ఎం.ఎస్. విశ్వనాథన్ పూర్తిచేశారు. బాణీ ఎక్కడా తొందరపడదు. ఘంటసాల గొంతు తగ్గించి పక్కపక్కనే నడుస్తారు. భానుమతి పలుకును మెత్తగా అందుకుని, చివర్లో చిన్న విరుపుతో వదులుతారు. ఆ విరుపులో ఆత్మాభిమానం ఉంది. వలపు పాటలోనూ ఆమె ఎవరి ముందూ తల వంచదు. ఎస్వీ రంగారావు అంతటి ప్రతినాయకుణ్ణి ఢీకొనే చండికి బలం ఆ అభిమానమే.

ఆ అభిమానానికి ఓ ఊరుంది. ఆమె పుట్టింది ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో. ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు అది గుంటూరు జిల్లా. పత్తితీతల్లో, మిరపకళ్లాల్లో కూలి లెక్క తేడా వస్తే మొహమాటం లేకుండా నిలదీసే ఆడవాళ్ల నేల అది. చండి మాటల్లోని నిక్కచ్చితనం నాకు ఆ నేల యాసలాగే వినిపిస్తుంది.

1935లో ‘హంటర్‌వాలీ’గా నాదియా ముసుగు వేసుకుని, కొరడా పట్టి అన్యాయం మీదికి దూకింది. 1970లో ‘రౌడీరాణి’గా విజయలలిత పగతీర్చుకుంది. ఆ ఇద్దరి నడుమ నిలిచిన చండికి ముసుగు అక్కర్లేదు. తోబుట్టువు ముఖమే ఆమెకు ముసుగు. ఎంత గొప్ప ఊహ! సౌమ్యురాలిగా లోకం ఎరిగిన ముఖంతోనే కోపం నడిచి వస్తుంది, లోకం పోల్చుకోలేకపోతుంది.

అందుకే ‘చండీరాణి’ని కత్తియుద్ధాల జానపదమని పక్కన పెట్టడం అన్యాయం. ప్రేమించే స్త్రీ వేరు, తిరగబడే స్త్రీ వేరు అనుకునే లోకానికి, ఇద్దరూ ఒకరేనని ఒక నటి తన ఒంటితో, గొంతుతో నిరూపించిన చిత్రమిది. తెలుగు సినిమాలో ఆ మాట అంత ధీమాగా చెప్పిన తొలి దర్శకురాలు మన దొడ్డవరం ఆడపడుచు.