మదనపల్లెలో మార్గరెట్: పాట గుర్తుంది, మిగతాది?

మదనపల్లె, మార్గరెట్ కజిన్స్ అనగానే మనకి ఒక్కటే గుర్తొస్తుంది. 1919 ఫిబ్రవరిలో అక్కడి థియోసాఫికల్ కాలేజీకి టాగోర్ రావడం, ఆయన పాడిన జనగణమనకి ఆవిడ స్వరం రాసిపెట్టడం. ఏటా ఆగస్టులో ఇదే కథ తిరిగొస్తుంది. ఆవిడ, భర్త జేమ్స్ కలిసి రాసుకున్న ఆత్మకథ ‘వియ్ టూ టుగెదర్’ (మద్రాసు, 1950) చదివితే, మనం ఎంత చిన్న ముక్క పట్టుకుని కూర్చున్నామో తెలుస్తుంది.

ఆవిడ పాటల టీచరమ్మ మాత్రమే కాదు, ఐరిష్ సఫ్రజెట్. 1908లో డబ్లిన్‌లో స్త్రీల ఓటుహక్కు సంఘం పెట్టినవాళ్లలో ఒకరు. 1910లో లండన్‌లో కిటికీ అద్దాలు పగలగొట్టి హాలోవే జైల్లో నెల రోజులున్నారు. 1913లో డబ్లిన్‌లో మళ్లీ అదే పని, మళ్లీ జైలు, ఈసారి నిరాహారదీక్ష కూడా. అలాంటి మనిషి 1915లో ఇండియాకొచ్చి, 1911 దాకా కడప జిల్లాలో ఉన్న మదనపల్లెలో పనిచేసిన స్త్రీల సంఘం పేరేమిటో తెలుసా? అబలా అభివర్ధినీ సమాజం. రాళ్లు విసిరిన చేతికి ‘అబల’ అనే బోర్డు! నవ్వొస్తుంది గానీ, ఆ ఊళ్లో ఆ రోజుల్లో ఆడవాళ్లు గడప దాటి రావాలంటే అంత మెత్తటి పేరు కావాల్సొచ్చిందేమో.

పుస్తకంలో భార్యాభర్తలు వంతులవారీగా కథ చెప్తారు. నన్ను పట్టి ఆపింది మార్గరెట్ వంతే. పెళ్లయ్యాక దాంపత్యంలోని శరీర వాస్తవం తనని ఎంత కలవరపెట్టిందో ఆవిడ దాచుకోకుండా రాశారు. 1950లో అచ్చయిన ఆత్మకథలో ఆ మాట రాయడానికి జైలుకెళ్లినంత ధైర్యం కావాలి. ఆవిడ రాజకీయాలకి వేరు అక్కడుందని నాకనిపిస్తుంది. ఓటు అడగడం వేరు, ఒంటి గురించి మాట్లాడటం వేరు అని ఆవిడ అనుకోలేదు. 1917 డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల బృందం మద్రాసులో మాంటేగుని కలిసింది. ఆ ప్రయత్నం వెనక ఉన్నది మార్గరెటే. అక్కడ ఓటుతో పాటు చదువు, ఆరోగ్యం, ప్రసూతి సేవలు కూడా అడిగారు.

ఈ దారిలో ఆవిడ ఒంటరి కాదు. 1906లో జైలుకెళ్లిన లండన్ సఫ్రజెట్ ఈడిత్ హౌ-మార్టిన్ తర్వాత కుటుంబ నియంత్రణ ప్రచారానికి దిగి, 1930లలో మన దేశమంతా తిరిగారు. కిటికీ అద్దాల దగ్గర మొదలైన పోరాటం పురిటి గదిదాకా రావడం యాదృచ్ఛికం కాదు.

అయితే పుస్తకంతో నాకో పేచీ ఉంది. సభలు, తీర్మానాలు, పేరున్న మనుషులు కిక్కిరిసిన పుస్తకమిది. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకి ఓటు ఒప్పుకుంది నిజమే. కానీ ఆస్తి, పన్ను అర్హతలు అలాగే ఉన్నాయి. పొలం మొగుడి పేరున, కూలి తన ఒంటిమీద ఉన్న సీమ ఆడమనిషికి ఆ గెలుపులో వాటా ఎంత? ఆవిడకి ఓటు రావడానికి రాజ్యాంగం రావాల్సొచ్చింది.

ఇప్పుడు ఓటుంది. మరి ఆ బృందం అడిగిన రెండో సగం? కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం వైపు, వానలు మొహం చాటేస్తే కుటుంబాలు గుంటూరు మిరప కోతలకి వలసపోతాయి. ఆ గుంపులో నెలలు నిండుతున్న అమ్మాయి ఉంటే, ఆమె పేరు ఊళ్లో ఆశా కార్యకర్త రిజిస్టర్లో ఉంటుంది, మనిషి మిరప చేలో ఉంటుంది. ఎన్నికలప్పుడు వలసపోయినవాళ్లని వెతికి ఊరికి రప్పించేవాళ్లుంటారు. నెలనెలా చూపించుకోడానికి రప్పించేవాళ్లెవరు?

ఈ పుస్తకం ఇవాళ చదవాల్సింది ఇందుకే. ఓటూ, పురుడూ ఒకే అర్జీలో ఉన్నాయని ఇది గుర్తుచేస్తుంది. ఆ అర్జీలో సగమే చెల్లింది. మదనపల్లెలో స్వరం రాసుకున్న రోజుని తలుచుకుందాం, తప్పు లేదు. చెల్లని సగాన్ని కూడా ఆవిడ పేరు మీదే అడుగుదాం.