పూడ్చని ఖాళీలు

ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న పని చాలావరకు ఒకటే. పాత డేటాబేసులోంచి సమాచారం తీసి కొత్తదాంట్లో సర్దడం. అందులో మొదటి మెట్టు శుభ్రం చెయ్యడం. పేరు సగమే ఉన్న మనిషో, పుట్టినతేదీ లేని మనిషో ఎదురైతే మాకు రెండే దారులు. ఖాళీని ఏదో ఒక అంచనాతో నింపాలి, లేదా ఆ వరస మొత్తాన్నీ తీసెయ్యాలి. ఇందులో ఆలోచించవలసింది ఏదైనా ఉందని నాకెప్పుడూ తోచలేదు, బాసిల్ అబ్బాస్, రువాన్ అబూ రహ్మె అనే ఇద్దరు పాలస్తీనా కళాకారుల పనితో పరిచయమయ్యేదాకా.

ఇద్దరూ 1983లో పుట్టినవాళ్ళే. ఆయన సైప్రస్‌లో పుడితే ఆమె అమెరికాలో పుట్టింది. రమల్లాలోనూ న్యూయార్క్‌లోనూ ఉంటూ ఏళ్ళ తరబడి జంటగా పనిచేస్తున్నారు. వీడియో, ధ్వని, తెరమీద మెరిసి మాయమయ్యే వాక్యాలు, మామూలు మనుషులు తీసి ఇంటర్నెట్‌లో పెట్టుకున్న దృశ్యాలు, ఇవీ వాళ్ళ ముడిసరుకు.

నన్ను పట్టుకున్నది 2019లో వాళ్ళు చేసిన ఒక వీడియో. దాని పొడుగాటి పేరు ఎడ్వర్డ్ సయీద్ పుస్తకం 'ఆఫ్టర్ ద లాస్ట్ స్కై'లోంచి తీసుకున్నదే. తెలుగులో చెప్పాలంటే, మనుషుల ఉనికీ అదృశ్యమూ ఒకదాన్లో ఒకటి కరిగిపోయే ఆ భయంకరమైన సరిహద్దుల దగ్గర, అని. 2018 మార్చి 30న గాజా కంచె దగ్గర 'గ్రేట్ మార్చ్ ఆఫ్ రిటర్న్' మొదలైంది. తాతముత్తాతల ఊళ్ళకు తిరిగివెళ్ళే హక్కు కోసం వేలమంది నడిచారు. ఆ నడిచినవాళ్ళ ఫోటోలను ఇంటర్నెట్‌లోంచి తీసుకుని, ఒక్క ఫోటోనుంచే త్రీడీ ముఖాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చారు వీళ్ళు. ఫోటోల్లో స్పష్టత తక్కువ. అందువల్ల సమాచారం చాలనిచోట సాఫ్ట్‌వేర్ మచ్చలూ గాట్లూ చీలికలూ పుట్టించింది. కొన్ని ముఖాలు సగంలో ఆగిపోయాయి. కళాకారులు వాటిని అలాగే వదిలేశారు. సయీద్ మాటలనుంచి అల్లుకున్న పాఠాన్ని ఆ ముఖాలచేత పాడించారు.

ముందు నాకు అది ఒట్టి బగ్‌లాగే కనిపించింది. కాస్త మెరుగైన ప్రోగ్రాము వాడితే సరిపోయేది కదా అనుకున్నాను. తర్వాత తట్టింది. మెరుగైన ప్రోగ్రాము ఏం చేస్తుంది? తనకి ముందే తెలిసిన లక్షలాది ముఖాల సగటుతో ఆ ఖాళీని నింపుతుంది. అప్పుడు వచ్చే నున్నటి ముఖం కంచె దగ్గర నిలబడ్డ మనిషిది కాదు, ఇంకెవరిదీ కాదు. ఆ ఫోటో ఎవరో ఎంతో దూరంనుంచి తీసింది కావచ్చు, చేతులు మారి మారి అరిగిపోయినదీ కావచ్చు. ఆ మసక కూడా జరిగినదానికి సాక్ష్యమే. దాన్ని తుడిచేస్తే సాక్ష్యాన్ని తుడిచేసినట్టే. ఈ పనిలోని విలువంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. పోయినదాన్ని తిరిగి తెచ్చామని వీళ్ళు నటించరు. పోయినచోటును చూపిస్తారు.

ఇది పాలస్తీనావాళ్ళకు కళకి సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. 1982లో బేరూత్‌లోని పాలస్తీనా పరిశోధనా కేంద్రం గ్రంథాలయాన్ని ఇజ్రాయెల్ సైన్యం పట్టుకుపోయింది. 2023 చివర్లో గాజా నగరపాలక సంస్థ కేంద్ర దస్తావేజుల భవనం యుద్ధంలో నాశనమైంది. కాగితాలు ఇలా పోతుంటే మిగిలేది మనుషుల గొంతుల్లో, ఒంట్లో ఉన్నదే. ఈ జంట 2010 తర్వాతి ఏళ్ళనుంచీ పోగుచేస్తున్నదీ అదే. ఇరాక్, సిరియా, యెమెన్, పాలస్తీనాల్లో మామూలు జనం పాడుతూ, ఆడుతూ తీసుకున్న వీడియోలు. ఆ పోగుకి 'మే అమ్నీషియా నెవర్ కిస్ అజ్ ఆన్ ద మౌత్' అని పేరు పెట్టారు. మతిమరుపు మన పెదవుల్ని ఎన్నడూ ముద్దాడకుండుగాక, అని దాని అర్థం. 2022లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో దాన్ని చూశాను. ఆ పాత వీడియోల్లోని కదలికలనూ రాగాలనూ అందుకుని ఇప్పటి పాలస్తీనా నర్తకి, సంగీతకారులు చేసిన కొత్త ప్రదర్శన పక్కపక్కనే నడుస్తుంటుంది. అక్కడ పాట బీరువాలో పెట్టి తాళం వేసిన వస్తువు కాదు. ఒకరి దగ్గరనుంచి ఇంకొకరు నేర్చుకుంటున్నారు.

ఫిర్యాదు లేకపోలేదు. తెరలు ఎక్కువ, వాక్యాలు వచ్చే వేగం ఎక్కువ, దద్దరిల్లే ధ్వనిలో కొన్ని పాటలు పూర్తిగా వినపడవు. ఒక ముసలాయన గొంతు కాస్తంతసేపు వినాలనిపించింది, ఆయన పాట అయ్యేలోపే దృశ్యం మారిపోయింది. ఆయనెవరో, ఏ ఊరివాడో నాకు తెలియలేదు. ఖాళీని గౌరవించడం వేరు, ఉన్నదాన్ని హడావిడిలో జారవిడవడం వేరు. ఈ రెండింటికీ మధ్య గీత వాళ్ళు ప్రతిచోటా గీయలేకపోయారు. అయినా ఇన్నేళ్ళ తర్వాత నాకు గుర్తున్నది ఆ ముసలాయనే.

ఈమధ్య ఒక ప్రాజెక్టులో మళ్ళీ అదే పని తగిలింది. సగం నిండిన వరసలు కొన్ని వేలున్నాయి. తీసెయ్యమని రాసిన ఆజ్ఞను పక్కనపెట్టి, ప్రతి ఖాళీకీ కారణం రాసుకునే కాలమ్ ఒకటి చేర్చాను. క్లయింటు ఇంకా ఒప్పుకోలేదు. అడుగుతూనే ఉన్నాను.