మన్ను, ఊరు, ముఖం: లక్ష్మా గౌడ్ మట్టి శిల్పాలు

మాధవరం నుండి మా తరగతికి వచ్చే విద్యార్థిని ఒకామె తన వ్యాసంలో ఇలా రాసింది: "లక్ష్మా గౌడ్ మట్టి పనిలో ప్రకృతి దృశ్యం లేదు. ఉన్నవన్నీ మనుషుల తలలే." మేము ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాము. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంటే గీత తొందరపాటు అనిపించింది. ఆమె కళ్ళు సరిగానే చూశాయి. ఆమెకు మేము అందించిన మాటే పనికిరానిది.

'ప్రకృతి దృశ్యం' అనేది ల్యాండ్‌స్కేప్ అనే ఆంగ్ల పదానికి మనం కట్టుకున్న అనువాదం. దృశ్యం ఉన్నదంటే ద్రష్ట ఒకడు ఉండాలి, వాడు దూరంగా నిలబడాలి. పొలంలో వంగి పని చేసేవాడికి పొలం దృశ్యం కాదు. అతనికి అది చల్క, దుబ్బ, రేగడి, చౌడు. ఏ నేల ఏ కాలంలో కాలికి ఎట్లా తగులుతుందో చెప్పే మాటలివి. మా విద్యార్థులలో చాలామందికి 'చల్క' అంటే తెలియదు. తెలంగాణలో ఇసుక కలిసిన ఎర్రనేలను అట్లా అంటారు. అయితే తెలియకపోవడం వారి తప్పు కాదు. చెన్నైలో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఆంగ్లం మాట్లాడే పిల్లలకు నేల మాటలు ఎవరు నేర్పుతారు? మాధవరం బస్ టెర్మినస్ నుండి హైదరాబాదు బస్సు ఎక్కితే కాసేపట్లో రెడ్‌హిల్స్ వస్తుంది. తమిళంలో దాని పేరు సెంగుండ్రం, ఎర్రని కొండ అని. పేరులోనే మన్ను రంగు ఉన్నదని మేము చెప్పేదాకా అక్కడివారే కొందరు గమనించలేదన్నారు.

ఇక శిల్పి సంగతి. కె. లక్ష్మా గౌడ్ 1940లో అప్పటి మెదక్ జిల్లా నిజాంపూరులో పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ చదివి, 1963లో బరోడా వెళ్ళి కుడ్యచిత్రకళ అభ్యసించారు. అక్కడ గురువు కె. జి. సుబ్రమణ్యన్. మన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రం చదివి, తరువాత శాంతినికేతనం చేరిన మనిషి ఆయన. లక్నోలోని రవీంద్రాలయం గోడకు టెర్రకోటతో పెద్ద కుడ్యశిల్పం చేసిన సంవత్సరం కూడా 1963 కావడం గమనించదగినది. కాల్చిన మన్ను పూలకుండీకో బొమ్మల కొలువుకో పరిమితం కాదని, ఆధునిక కళకు అది సరిపోతుందని బరోడాలో అప్పటికే స్థిరపడి ఉన్నది. గౌడ్‌కు మొదట పేరు తెచ్చినవి మాత్రం నలుపు తెలుపు రేఖాచిత్రాలు, ఎచింగులు. మట్టి, కంచు, గాజు మీద పని ఆ పేరుకు తోడు వచ్చింది. ఆయన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో బోధించారు. 2016లో పద్మశ్రీ లభించింది.

ఆ ఎచింగులలో గుడిసెలు, బండలు, చెట్లు, మేకలు ఉంటాయి. స్త్రీపురుషుల కోరిక దాపరికం లేకుండా ఉంటుంది. మట్టి శిల్పాలకు వచ్చేసరికి గుడిసెలు, బండలు పోయాయి. మిగిలినవి ఎక్కువగా తలలు: వెడల్పు కళ్ళు, మీసం, ముక్కుపుడక, కొప్పులో పూలు. మా విద్యార్థిని చూసినది ఇదే. ఊరు ఎక్కడికి పోయింది?

మా అభిప్రాయంలో ఊరు ముఖంలోకి వెళ్ళింది. ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదు. తడి మన్ను మీద పుల్లతో గీసిన గీతను చూడండి. రాగిరేకు మీద ఆయన సూది నడిచినట్టే ఇక్కడ పుల్ల నడుస్తుంది. కానీ రేకు లోహం, గీతను ఉన్నది ఉన్నట్టు నిలుపుతుంది. మన్ను అట్లా కాదు. పుల్ల నడిచిన చోట రెండు పక్కలా చిన్న గట్టు లేస్తుంది, ఆరేటప్పుడు మన్ను ముడుచుకుంటుంది, ఆవంలో ఇంకొంత ముడుచుకుంటుంది. నుదుటి గీత చివరికి దున్నిన చాలులాగా తేలుతుంది. చెంప మీద మన్ను గరుకు అలాగే వదిలేసిన శిల్పాలలో ఎండిన చెరువు అడుగు గుర్తుకు వస్తుంది. టెర్రకోట ఎరుపు మన్నులోని ఇనుముది, పైపూతది కాదు. చల్కకూ ఆ చెంపకూ ఎరుపు ఒకే చోటి నుండి వచ్చింది.

ఇక్కడ మన విద్యార్థులకు తెలంగాణ విద్యార్థి కంటే ఒక సౌకర్యం ఉన్నదని మాకు అనిపిస్తుంది. బడిలో తమిళం చదివినవారికి తిణై అంటే తెలుసు. కుఱింజి, ముల్లై, మరుదం, నెయ్‌దల్, పాలై: ఐదు నేలలు, ఐదు హృదయస్థితులు. తొల్కాప్పియం పద్ధతిలో స్థలకాలాలు ముదల్, అక్కడి చెట్టు, జంతువు, వృత్తి వంటివి కరు, మనిషి అనుభూతి ఉరి. మూడూ కలిస్తేనే కవిత. నేల వేరు, మనిషి వేరు అన్న విభజన అక్కడ లేదు. మన కావ్యాలలోని అష్టాదశ వర్ణనలలో కొండను, సముద్రాన్ని, ఋతువును విడివిడిగా వర్ణించే ఆచారం ఉన్నది. తిణై అందుకు భిన్నమైనది. గౌడ్ మట్టి పనిలో మేక కరు. ఆమె కంటిలోని చూపు ఉరి. ముదల్‌ను చెక్కలేదు, ఎందుకంటే శిల్పం మొత్తం దానితోనే చేసినది.

అయితే ఈ పోలికను అతిగా లాగకూడదు. మేకల మంద ఉన్నది గనుక ముల్లై అందామంటే, ముల్లైకి చెందిన భావం ఓపికగా ఎదురుచూడడం. గౌడ్ స్త్రీలు ఓపికగా ఎదురుచూసేవారిలా కనపడరు. కలయికకు చెందిన కుఱింజి వారికి దగ్గర. మెదక్ మెట్ట నేలలో కుఱింజిని వెదకడం తొల్కాప్పియం చదివిన పండితులకు నచ్చకపోవచ్చు.

ప్రపంచంలో ఇంకో దారి కూడా ఉన్నది. అమెరికాలో కొలరాడోలో 1943లో పుట్టిన వేన్ హిగ్బీ ల్యాండ్‌స్కేప్‌నే తన మట్టి పనికి విషయంగా తీసుకున్నాడు. రాకూ పద్ధతిలో కాల్చిన పెద్ద గిన్నెల లోపలా బయటా కొండచరియలు, నీళ్ళు, ఆకాశం గ్లేజుతో తెచ్చాడు. గిన్నె అంచు దగ్గర లోపలి చరియ బయటి చరియతో కలిసిపోయినట్టు కనపడుతుంది, కన్ను మోసపోతుంది. చాలా అందమైన పని. అందులో మనిషి ఉండడు. చూసే మనమే అక్కడి మనిషి. 'ప్రకృతి దృశ్యం' అనే మాట హిగ్బీకి చక్కగా సరిపోతుంది, గౌడ్‌కు సరిపోదు. ఎవరు గొప్ప అన్నది మా ప్రశ్న కాదు. ఒకరి కోసం పుట్టిన మాటతో ఇంకొకరిని కొలిస్తే "ఇక్కడ ఏమీ లేదు" అన్న ఫలితమే వస్తుంది.

గౌడ్ మట్టి పని అంతా ఒకే స్థాయిది అనడం లేదు. రంగులు వేసిన తలలు కొన్నింటిని చూసినప్పుడు మాకు నిరుత్సాహం కలిగింది. నీలం, పసుపు, ఆకుపచ్చ పైకి వచ్చేసరికి మన్ను వెనక్కు పోయింది. పెద్ద కళ్ళు, మీసం, పూలు పదేపదే వస్తుంటే నిజాంపూరు మనిషి పోయి, 'పల్లె మనిషి' అనే ముద్ర మిగులుతుంది. నగరంలో గోడ పక్కన పెట్టుకోవడానికి ఆ ముద్ర బాగుంటుంది. కొనేవారి ఇష్టం కొంత పని చేసి ఉండవచ్చునని మా అనుమానం. గౌడ్‌ను మెచ్చుకునే మిత్రులు దీనికి ఒప్పుకోరు. పల్లె జాతరలో రంగు లేని బొమ్మ ఏది, గ్రామదేవతకు పసుపు కుంకుమ పెట్టరా అంటారు. నిజమే. కానీ పసుపు ఏటా పెడతారు, వానకు పోతుంది, మళ్ళీ పెడతారు. గ్యాలరీ రంగు పోదు.

ఒక భాషా విషయం చెప్పవలసి ఉన్నది. 'మన్ను' ద్రావిడ పదం, తమిళ మణ్‌కు తోబుట్టువు. 'మట్టి' సంస్కృత మృత్తిక నుండి ప్రాకృతం మీదుగా వచ్చినది. 'మన్ను'కు విభక్తి ముందు 'మంటి' అనే రూపం వస్తుంది: మంటి కుండ, మంటి దిబ్బ. తరగతిలో ఈ మాట రాయగానే సగంమంది దానిని 'మంట'కు సంబంధించినది అనుకున్నారు. వ్యుత్పత్తి ప్రకారం తప్పు. కాల్చిన మన్ను గురించి మాట్లాడుతున్నాము గనుక ఆ రోజు మేము వెంటనే దిద్దలేదు.

మా విద్యార్థిని వ్యాసం తిరిగి రాసింది. మొదటి వాక్యాన్ని కొట్టివేయలేదు, రెండవదాన్ని మార్చింది: "ఉన్నవన్నీ మనుషుల తలలే, కానీ ఆ తలలు ఏ ఊరి మన్నో అడగాలి." పురసవాక్కం పక్కన కుమ్మరుల పేరు మీద ఏర్పడిన కొసపేటకు వెళ్ళి, అక్కడ వాడే మన్ను ఎక్కడి నుండి వస్తుందో కనుక్కుని వస్తానని కూడా చెప్పింది. మేము ప్రశ్నార్థకాన్ని కొట్టివేశాము.