పారిపోయిన బండి, ఆగిన బండి

రణస్థలం దగ్గర హైవే మీద రాత్రిపూట లారీ ఒకాయన్ని గుద్ది చీకట్లో కలిసిపోయింది అనుకుందాం. గజపతినగరం దగ్గర ఇంకొకాయన్ని పక్క ఊరివాడి మోటారుసైకిలు గుద్దింది. వాడు ఆగాడు, నీళ్లు తాగించాడు, ఆటో పిలిచాడు. బండికి ఇన్సూరెన్సు మాత్రం లేదు. ఇద్దరూ పోయారు. డబ్బు ముందు ఏ ఇంటికి చేరుతుంది? నా లెక్కలో పారిపోయిన లారీ బాధితుడి ఇంటికే.

"గుద్దీసి ఎల్లిపోనాడు" అనే కేసుకు మోటారు వాహనాల చట్టంలో 161వ సెక్షన్ ఉంది. ఒకప్పుడు చావుకు 25 వేలు. 2022 ఏప్రిల్ 1 నుంచి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అధికారి నెలలో విచారించాలి, ఆపై పదిహేను రోజుల్లో మంజూరు కావాలి, ఇంకో పదిహేను రోజుల్లో డబ్బు పడాలి. కాగితం మీద రెండు నెలల పని. రెండో ఇంటివాళ్లు మాత్రం ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కెళ్లి కేసు వేయాలి. పది లక్షలకు తీర్పు వచ్చినా ఇవ్వాల్సినవాడికి ఉన్నది అరెకరం జీడితోట. తీర్పు అమలుకు ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసి, పేదవాడి మీద పేదవాడే జప్తు తేవాలి. ఆగినవాడి చేతిలో దెబ్బతినడమే నష్టమన్నమాట!

డల్లాస్‌లో ఉన్న మన కుర్రాళ్ల కారు పాలసీ వేరు. ఎదుటివాడికి బీమా లేకపోయినా, చాలకపోయినా సొంత కంపెనీయే ఇచ్చే రక్షణ అందులో ఉంటుంది. వద్దనుకుంటే టెక్సస్‌లో రాసివ్వాలి. అయితే అక్కడ కనీస బీమా గాయపడ్డ మనిషికి 30 వేల డాలర్లే. మన థర్డ్ పార్టీ పాలసీలో ప్రాణానికి, గాయానికి పరిమితే లేదు. ఆ మేరకు మన చట్టానిదే పెద్ద మనసు. కాకపోతే బీమా ఉంటే అంతా, లేకుంటే సున్నా. ఉన్నా సున్నా అయ్యే సందర్భాలూ ఉన్నాయి: సిరిమాను జాతర చూడ్డానికి సరకు వ్యానెక్కి వచ్చేవాళ్లలాంటి ఉచిత ప్రయాణికుల బాధ్యత బీమా కంపెనీది కాదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం, ఏడు రోజులకు లక్షన్నర వరకు, ఇద్దరు బాధితుల మధ్య తేడా చూడదు. అది ఆసుపత్రి వరకే. అందుకే పారిపోయిన బండి కేసుకిచ్చే ఆ 2 లక్షలు రెండో ఇంటికీ ముందే ఇచ్చి, యజమాని దగ్గర సర్కారే వసూలు చేసుకోవాలి.

ఈలోగా మీ బండి కాగితం మీది తేదీ చూసుకోండి. 75 సీసీ దాటి 150 సీసీ మించని బైకుకు 2022లో ఖరారైన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు.