మారుతున్న వార్తాపఠనం – కథకుని ముందున్న పని

జనం పేపరు చదవటం మానేశారన్న మాట ఇటీవల మన సాహిత్య సభల్లో తరచు వినిపిస్తున్నది. కొంతవరకు నిజమే. కాని నిట్టూర్చి ఊరుకుంటే విమర్శకుని పని పూర్తికాదు. ఏ పరిస్థితుల్లో మానేశారు, దాని స్థానంలో ఏం చేస్తున్నారు, ఆ మార్పు మన కథ మీద ఎటువంటి ఒత్తిడి తెస్తున్నది అనేవి చూడవలసి ఉంటుంది. అలవాటు ఆకాశం నుంచి ఊడిపడదు. దానికొక భౌతిక పునాది ఉంటుంది.

తెలుగు పాఠకుని విషయంలో ఆ పునాదిని గుర్తించటం కష్టం కాదు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టిన తర్వాత ఊరి వార్త అచ్చులోకి వచ్చింది. మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక డేటా చవకై, ఆ ఊరి వార్తే సెల్‌ఫోన్లోకి మారింది. 2020లో కరోనా రోజుల్లో కాగితం ముట్టుకోవటానికి భయపడి చాలా ఇళ్లవాళ్లు పేపరు ఆపేశారు. పేజీల పి.డి.ఎఫ్.లు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఆపినవాళ్లందరూ మళ్లీ వేయించుకోలేదు. ఆ ఏడాది జూన్‌లోనే టిక్‌టాక్‌ను నిషేధించారు గాని, పొట్టి వీడియో అలవాటు పోలేదు. రీల్స్‌లోకీ షార్ట్స్‌లోకీ మారిందంతే.

ఇది మన ఒక్కచోటి సంగతి కాదు. ఆక్స్‌ఫర్డ్‌లోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2025 నివేదిక ప్రకారం అమెరికాలో సామాజిక మాధ్యమాల ద్వారా, వీడియోల ద్వారా వార్తలు తెలుసుకునేవారు 54 శాతం, టీవీ ద్వారా తెలుసుకునేవారు 50 శాతం. అక్కడ టీవీ వెనకబడటం ఆ సర్వేలో అదే మొదటిసారి. వార్తలను కావాలనే తప్పించుకుంటున్నామని చెప్పినవారు, సర్వే చేసిన దేశాలన్నింటిలో కలిపి, 2017లో 29 శాతం ఉంటే 2025లో 40 శాతం. మన దేశంలో ఆ సర్వే ప్రధానంగా ఇంగ్లీషు తెలిసి ఇంటర్నెట్ వాడేవారికే పరిమితం. కాబట్టి కూలి పనికి పోయి వచ్చి ఫోను చూసే తెలుగు మనిషి అందులో కనపడడు. అతనిని మనమే చూడాలి.

అతని భాషను గమనిస్తే చాలు, కొంత తెలుస్తుంది. వెనక 'పేపర్లో పడింది' అనేవాళ్లు. ఎవరో రాసి, ఎవరో దిద్ది, ఎవరో అచ్చువేస్తే గాని పడదన్న ఎరుక ఆ మాటలో ఉంది. తప్పు పడితే నిలదీయటానికి ఒక చిరునామా కూడా ఉంది. ఇప్పుడు 'గ్రూపులో వచ్చింది' అంటున్నారు. వాన వచ్చినట్టు వచ్చింది! ఎవరు పంపారో, పంపినవాడికి ఎవరు పంపారో ఆ క్రియాపదం చెప్పదు. మా బడిలో పిల్లలను ఒక వార్త గురించి అడిగితే ఏం జరిగిందో తడుముకోకుండా చెబుతారు. ఎందుకు జరిగిందంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మా ఉపాధ్యాయుల గ్రూపు అంతకంటే మెరుగ్గా ఉందని నేననుకోను. డి.ఎ. బకాయిల జీవో, పుట్టినరోజు శుభాకాంక్ష, హత్యవార్త ఒకే వరసలో పోతుంటాయి.

ఈ 'వచ్చింది' వెనక యజమాని లేడనుకుంటే పొరపాటు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన లెక్క మార్చి, పత్రికల వార్తల కంటే బంధుమిత్రుల మాటలకు పైచోటు ఇస్తానని ప్రకటించింది. కెనడా ప్రభుత్వం వార్తలకు డబ్బు చెల్లించాలని చట్టం చేస్తే, 2023 ఆగస్టులో మెటా ఆ దేశంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల నుంచి వార్తలనే తీసేసింది. 2024లో గూగుల్ వెతుకులాట పైన యంత్రం రాసిన సారాంశాన్ని పెట్టటం మొదలుపెట్టింది. ఇక పాఠకుడు విలేఖరి రాసిన పుట దాకా పోనక్కరలేదు. పెట్రోలు ఖర్చు కూడా గిట్టక మండలమంతా తిరిగే ఆ విలేఖరి శ్రమ ఎవరి ఖాతాలో జమవుతున్నదో మనం ఆలోచించాలి.

ఐతే పాత పత్రికను స్వర్గంగా చిత్రించే మిత్రులతో కూడా నేను ఏకీభవించను. దానికీ యజమాని ఉన్నాడు, ప్రకటనకర్త ఉన్నాడు. సమ్మె వార్త లోపలి పేజీ అడుగున పడటం మనమెరగనిది కాదు. తేడా చదివే పద్ధతిలో ఉంది. గ్రంథాలయంలోనో టీ కొట్టు దగ్గరో ఒకరు చదివితే పదిమంది వినేవారు, వాదించుకునేవారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు దానికి ముందు అక్షరాస్యతా కేంద్రంలో కలిసి చదువుకున్న పాఠం ఉంది. ఆ తర్వాత పత్రికలు ఆ వార్తను ఊరూరికీ మోశాయి. గ్రూపులో కూడా పదిమంది ఉన్నారు కదా అనవచ్చు. ఉన్నారు, పంపుతున్నారు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకార్లకు అమాయకులు బలయ్యాక, సందేశాన్ని ఒక్కసారికి ఐదు చోట్లకే పంపగలిగేలా వాట్సాప్ మన దేశంలో పరిమితి పెట్టవలసి వచ్చింది.

ఇక సాహిత్యం. కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' 1964లో యువలో వచ్చింది. దాని ముగింపును మాత్రం తీసుకొని ఫోనుకు పంపితే ఎట్లా ఉంటుంది? 'అప్పు వివాదం: కన్నకొడుకును నరికిన తండ్రి.' పాఠకుడు అయ్యో అంటాడు, ఆ సీతారాముడు రాక్షసుడంటాడు, వేలితో పైకి తోస్తాడు. కథలో ఆ దృశ్యానికి ముందు సుందరపాలెం పంచాయితీ అంతా ఉంది. అప్పు ఎట్లా పుట్టింది, అప్పల్రాముడి చేతిలో భూమి ఎట్లా నిలవలేదు, అభివృద్ధి పేరుతో ఊరికి ఏం జరిగింది, పెద్దమనిషి శ్రీరాములునాయుడి న్యాయం ఎవరి న్యాయం అన్నదంతా మనచేత ఓపికగా వినిపించిన తర్వాతే ఆ కత్తి లేస్తుంది. ముగింపు సహజమా కాదా అని విమర్శకులు ఏళ్ల తరబడి వాదించుకోగలిగారంటే, వాదనకు కావలసిన సాక్ష్యమంతా కథలో ఉన్నందువల్లనే.

ఇవాళ మన పత్రికలకు వస్తున్న కథల్లో చాలావాటికి ఆ సాక్ష్యం లేదు. రైతు ఆత్మహత్యో, పరువు హత్యో, లోన్ యాప్ వేధింపో వస్తువుగా ఉంటుంది. మంచి వస్తువే. కాని రచయిత ఆ వార్తను ఫోనులో చూసిన పద్ధతిలోనే కథ రాస్తున్నాడు. మొదటి పేరాలో శవం, చివరి పేరాలో ఆగ్రహం. మధ్యలో ఉండవలసిన మనుషులు లేరు. పాఠకుని అలవాటును విమర్శించే రచయిత తానూ అదే అలవాటులో పడి ఉండటాన్ని చూడటం లేదు. పైగా 'చదివే ఓపిక ఎవరికుంది' అని సమర్థించుకోవటం ఒకటి. ఇది వాస్తవం కాదు. ప్రతిలిపిలో పదుల కొద్దీ భాగాల తెలుగు సీరియల్సు అదే ఫోనులో చదువుతున్నారు. ఆ సీరియల్సు ఎటువంటివన్నది వేరే చర్చ. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న కోరిక ఉన్నచోట ఓపిక ఉందని మాత్రం అవి రుజువు చేస్తున్నాయి.

లోన్ యాప్ కథ రాసే యువ రచయితలకు నాదొక సూచన. ఆ మనిషి చనిపోయిన సంగతి పాఠకునికి ముందే తెలుసు. అతను ఫోనులో చూశాడు. దాన్ని చివరిదాకా దాచిపెట్టి లాభం లేదు. చేతికి ఎంత వచ్చింది, ముందే ఎంత కోసుకున్నారు, ఏడో రోజున ఎంత కట్టమన్నారు, కట్టలేనప్పుడు ఫోనులోని ఏ పేర్లకు సందేశాలు పోయాయి, అందులో మేనమామ ఏమన్నాడు, మేస్త్రీ ఏమన్నాడు? అక్కడ మొదలుపెట్టండి. అది ఎఫ్.ఐ.ఆర్. రాసినట్టుంటుందని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. నేను చూసిన ఎఫ్.ఐ.ఆర్.లలో వడ్డీ లెక్క ఉంది గాని మేనమామ లేడు.